రాగిరేకుల వంశం, రాతి మీది నాడు: రేనాటి చోళుల చరిత్రపై ఒక పునరాలోచన

తెలుగు శాసన భాషను గురించిన ఏ చర్చ అయినా కలమళ్ళ దగ్గర మొదలవుతుంది. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని ఆ ఊరి ఆలయ ప్రాంగణంలో లభించిన శాసనాన్ని లిపిని బట్టి క్రీ.శ. 575 ప్రాంతానిదిగా పండితులు నిర్ణయించారు. అంతకుముందు ప్రాకృత, సంస్కృత శాసనాలలో విడివిడి పదాలుగా, ఊర్ల పేర్లుగా మాత్రమే కనిపించిన తెలుగు, ఇక్కడ వాక్యంగా నిలబడింది. 2008లో తెలుగుకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించిన సందర్భంలోనూ, ఆ తరువాతా ఈ శాసనం పేరు పలుమార్లు వినవచ్చింది. అందులో పేర్కొన్న ప్రభువు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. సాహిత్య చరిత్ర గ్రంథాలు అతణ్ణి రేనాటి చోళ వంశీయుడని ఒక్క వాక్యంలో పరిచయం చేస్తాయి. ఆ తరువాత వచ్చే వాక్యం దాదాపు అన్నిచోట్లా ఒకటే: రేనాటి చోళులు సంస్కృత ప్రాకృతాలను విడిచిపెట్టి తెలుగును రాజభాషగా స్వీకరించారని.

స్నాతకోత్తర తరగతులలో మనమంతా ఈ రెండు వాక్యాలనూ చెబుతూనే ఉన్నాం. పోటీ పరీక్షలకు అవి చాలు కూడా. అయితే ఆధారాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మొదటి వాక్యం తొందరపాటుగానూ, రెండవది సగం సత్యంగానూ తోస్తాయి. కలమళ్ళ శాసనంలో చదవడానికి వీలైన భాగంలో ‘చోళ’ అన్న మాట లేదు. సంస్కృతాన్ని విడిచిపెట్టారని మనం చెప్పే వంశంలోనే, ధనంజయునికి మనుమడుగా లెక్కకు వచ్చే పుణ్యకుమారుడు చక్కని సంస్కృతంలో తామ్రశాసనం ఇచ్చాడు. ఒక చిన్న నాడును ఏలిన ప్రభువులు రాగి మీద ఒక విధంగానూ, రాతి మీద మరొక విధంగానూ తమను గురించి చెప్పుకొన్నారు. మన చరిత్ర రచన రాగిరేకుల మాటనే ఎక్కువగా విన్నది. రాతి మీది మాటకు కూడా సమానమైన విలువ ఇస్తే రేనాటి చరిత్ర ఏ రూపం దాలుస్తుందో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

రేనాడు: ఎంత నేల?

శాసనాలు ‘రేనాడు ఏడువేలు’ అంటాయి. ఈ ఏడువేలు ఊర్ల లెక్కా, పన్ను లెక్కా అన్న చర్చ దక్కన్ ప్రాంతపు సంఖ్యానామాలన్నిటికీ ఉన్నదే. విస్తృతార్థంలో నేటి కడప జిల్లాలో అధికభాగం, కర్నూలు వైపు కుందూ లోయ, దక్షిణాన మదనపల్లె ప్రాంతం ఇందులోకి వస్తాయి. కానీ తొలి శాసనాలు దొరికిన చోట్లను గుర్తిస్తే కనిపించే నేల ఇంకా చిన్నది. కలమళ్ళ, చిలమకూరు, తిప్పలూరు ఎర్రగుంట్ల మండలంలో ఉన్నాయి. ఎర్రగుడిపాడు, మాలేపాడు, పెద్దచెప్పలి పాత కమలాపురం తాలూకావి. రామేశ్వరం ప్రొద్దుటూరులో కలిసిపోయింది. దొమ్మర నంద్యాల జమ్మలమడుగు వైపు ఉంది. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి అన్నీ చూసి రావచ్చు. పెన్నలో కుందూ, పాపఘ్ని వచ్చి కలిసే చోటికి అటూ ఇటూ ఉన్న ఈ పరిధే రేనాటి ప్రభువుల మూలస్థానం. వాన తక్కువ. నల్లరేగడి మాత్రం తేమను పట్టి ఉంచుతుంది. రేగడి నాడే రేనాడయిందనే వ్యుత్పత్తిని కొందరు చెబుతారు. భాషాశాస్త్రం దానిని నిర్ధారించలేదు గానీ, కుందూ లోయను చూసినవారికి ఆ ఊహ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

ఈ నేల గురించి బయటివాడి మాట ఒకటుంది. 7వ శతాబ్ది పూర్వార్ధంలో ధాన్యకటకాన్ని దర్శించిన హ్యూయన్‌త్సాంగ్, అక్కడికి నైరుతిగా వేయి లీల దూరంలో ‘చుళియ’ అనే దేశాన్ని పేర్కొన్నాడు. దాని చుట్టుకొలత రెండు వేల నాలుగు వందల లీలు. జనం పలుచన, అడవులు ఎక్కువ, దొంగలు బాహాటంగా తిరుగుతారు, మనుషులు క్రూరులు అని రాశాడు. కనింగ్‌హామ్ ఆ దేశపు రాజధానిని కర్నూలు ప్రాంతంలో గుర్తించాడు. తరువాతివారు కడప ప్రాంతమే సరైనదన్నారు. ఏది నిజమైనా, చోళ శబ్దం కావేరీ తీరానికి ఎంతో ఉత్తరంగా, ఈ మెట్టనేలలో ఒక దేశానికి పేరుగా వినిపించిందన్నది ముఖ్యం. ‘అడవి, దొంగలు’ అన్న మాటను మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. ఎందుకంటే అప్పటికి రెండు తరాల ముందే ఈ నేల మీది శాసనాలు కొలిచిన పొలం గురించి, సాక్షుల గురించి, దానాన్ని చెరిచినవారికి వచ్చే పాతకం గురించి మాట్లాడుతున్నాయి.

రాగి చెప్పిన వంశం

మాలేపాడు తామ్రశాసనాన్ని హెచ్. కృష్ణశాస్త్రి ఎపిగ్రాఫియా ఇండికా 11వ సంపుటంలో ప్రకటించారు. రేనాటి చోళులకు మనం రాసుకొనే వంశవృక్షమంతా దాని నుంచి వచ్చినదే. కావేరి గట్లను అదుపు చేసిన కరికాలుని వంశంలో, కాశ్యప గోత్రంలో నందివర్మ పుట్టాడు. అతనికి సింహవిష్ణు, సుందరనందుడు, ధనంజయవర్మ అని ముగ్గురు కొడుకులు. ధనంజయుని కొడుకు మహేంద్రవిక్రముడు. అతని కొడుకులు గుణముదితుడు, పుణ్యకుమారుడు. పోర్ముఖరామ, పురుషశార్దూల వంటి బిరుదులు పుణ్యకుమారునివి. హిరణ్యరాష్ట్రంలో సుప్రయోగా నది దక్షిణ తీరాన ఉన్న గ్రామంలో భూమిని బ్రాహ్మణునికి ఇవ్వడం శాసన విషయం.

ఇందులోని పేర్లను ఒకసారి పలికి చూడండి. నందివర్మ, సింహవిష్ణు, మహేంద్రవిక్రమ: ఇవి కంచి పల్లవుల ఇంటి పేర్లు. వంశమేమో చోళం. సామంతుడు అధిరాజు పేరును తన బిడ్డకు పెట్టుకోవడం ఆ కాలపు రాజకీయ మర్యాద కనుక, ఈ కుటుంబం మొదట పల్లవుల నీడలో ఉన్నదని నీలకంఠశాస్త్రి మొదలైనవారు ఊహించారు. అది సమంజసమే. పుణ్యకుమారుని రాణి వసంతపోఱి చోళమహాదేవి పేరులో చరిత్రకారులు బాదామి చాళుక్యుల వైపు తిరిగిన సంబంధాన్ని చూశారు. పల్లవులకూ చాళుక్యులకూ మధ్య నలిగే సరిహద్దు నేల మీద ఒక చిన్న ప్రభువు బతకవలసిన తీరు అదే కావచ్చు.

గమనించవలసిన మరో విషయం ఉంది. రాగిరేకు ఈ నేలను రేనాడు అనలేదు. హిరణ్యరాష్ట్రం అన్నది. ఊరి మనుషులు వాడే పేరు అక్కడికి వెళ్ళలేదు. తామ్రశాసనం ఎవరికోసం పుడుతుందో ఆలోచిస్తే ఇది సహజమే. వేద విద్య గల ప్రతిగ్రహీత, అతని వారసులు, ఇరుగుపొరుగు ఆస్థానాల పండితులు దాని పాఠకులు. వారి ముందు నిలవాలంటే గోత్రం కావాలి, కరికాలుడు కావాలి, దేశానికి సంస్కృత నామం కావాలి. అది అబద్ధమని నా అభిప్రాయం కాదు. అది ఒక సభకు తగిన వేషం అంటున్నాను.

రాయి చెప్పిన నాడు

కలమళ్ళ, ఎర్రగుడిపాడు మొదలైన రాతి శాసనాలను నీలకంఠశాస్త్రి, ఎం. వెంకటరామయ్య ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో ఒకచోట చేర్చి ప్రకటించారు. రేనాటి పరిశోధనకు అది మూలస్తంభం. కలమళ్ళ శాసనం చాలావరకు చెదిరిపోయింది. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడును ఏలుతుండగా జరిగిన ఒక వ్యవహారం, చిఱుంబూరు, చెనూరు అనే ఊర్ల పేర్లు, చివర పంచమహాపాతకాల ప్రస్తావన తెలుస్తాయి. తండ్రి పేరు లేదు. గోత్రం లేదు. కరికాలుడు లేడు. ప్రభువును గుర్తించడానికి శాసనానికి రెండే చాలాయి: అతని బిరుదు, అతను ఏలుతున్న నాడు. ‘ఏళన్’ అనే ఆ క్రియారూపం, అంటే ‘ఏలుతుండగా’ అన్న మాట, ఇక్కడ పంచాంగం పని కూడా చేస్తున్నది. శకవర్షం వేయని శాసనంలో, ఆ ప్రభువు ఏలుబడే తేదీ.

ఈ ధనంజయుడు, మాలేపాడు రేకుల ధనంజయవర్మ ఒకరేనన్నది పండితుల సమన్వయం. లిపి కాలం అందుకు అనుకూలిస్తుంది. నేనూ దానిని కాదనడం లేదు. కానీ ఆ సమీకరణం మీద ఎంత బరువు వేశామో గుర్తుంచుకోవాలి. రాతి మీది ముత్తురాజును రాగి మీది చోళ రాజకుమారునితో కలిపిన క్షణంలో, ముత్తురాజు వెనక్కి వెళ్ళిపోయి చోళుడు ముందుకు వచ్చాడు. ‘కలమళ్ళ శాసనం వేయించిన చోళ మహారాజు’ అని ఇప్పుడు సభల్లో వింటున్నాం. శాసనం ఆ మాట అనలేదు.

ఎర్రగుడిపాడు శాసనం దగ్గరికి వస్తే ఈ తేడా మరింత తేటగా కనిపిస్తుంది. ఎరికల్ ముత్తురాజు కాలంలో కొట్టంబుకు చెందిన ‘పాఱ’కు, అంటే బ్రాహ్మణునికి, ఇచ్చిన ‘పన్నస’ దాని విషయం. పన్నస అంటే బ్రాహ్మణునికి ఇచ్చిన మాన్యం. అయితే నన్ను ఎక్కువగా ఆపింది సాక్షుల జాబితా. దుజయరాజు, ముత్తురాజు, నవప్రియ ముత్తురాజు, వల్లవ దుకరాజు: ఈ నలుగురూ సాక్షులు. దుజయ అంటే దుర్జయ. దుకరాజు అనేది యువరాజ శబ్దానికి తద్భవం, తరువాతి శాసనాల్లో దుగరాజుగా స్థిరపడింది. దానమిచ్చినవాడు ముత్తురాజు. సాక్షుల్లో ఒకడు ముత్తురాజు, మరొకడు నవప్రియ ముత్తురాజు. అంటే ‘ముత్తురాజు’ ఒక్క సింహాసనానికి చెందిన బిరుదు కాదు. ఒకే కాలంలో, ఒకే ప్రాంతంలో, పలువురు ధరించిన హోదా.

రాజు తన భూమిని తాను ఇస్తున్నప్పుడు ఇందరు రాజుల సాక్ష్యం ఎందుకు? చక్రవర్తి ఆజ్ఞకు సాక్షులు అక్కరలేదు, అధికారులు చాలు. సమానులో, సమానులమనుకొనేవారో పక్కన ఉన్నప్పుడే సాక్ష్యం అవసరమవుతుంది. ఈ పన్నసను రేపు పక్క ముత్తురాజు లాక్కోకూడదంటే, అతని పేరు ఈ రాతి మీద ఉండాలి. ఆ రకంగా చూస్తే ఎర్రగుడిపాడు రాయి రాజాజ్ఞ కంటే ఒప్పందానికి దగ్గరగా ఉంది. 6వ శతాబ్ది చివర రేనాడు ఒక వంశం గుప్పిట్లోని రాజ్యం కాదనీ, పలువురు నాటి ప్రభువులు పంచుకొన్న నేల అనీ, వారిలో ఎరికల్ ముత్తురాజు పెద్దదిక్కుగా ఉండేవాడనీ ఈ సాక్షుల వల్ల ప్రతిపాదించవచ్చు.

తెలుగు ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు కూడా సమాధానం ఇక్కడే ఉందని నా నమ్మకం. మాతృభాషాభిమానం అన్న వివరణ మన కాలపు మనసును 6వ శతాబ్దికి తీసుకుపోవడమే. సాక్షులు ఒప్పుకోవాలి, ఊరు వినాలి, హద్దు తెలియాలి. రేనాటి శాసనాల్లో ‘మఱుతురు’ అనే నేల కొలత, రాచమానం అనే మాట కనిపిస్తాయి. వీటికి సంస్కృతం లేదు. ఉన్నా పనికిరాదు. రాతిని చదవలేనివారికి కూడా దానిని చదివి వినిపిస్తే అర్థం కావాలి. ఆ పని తెలుగుతోనే జరుగుతుంది.

అలాగని ఈ పద్ధతి శూన్యంలో పుట్టిందనలేం. రేనాటికి పడమట కన్నడ నేల. అక్కడ హల్మిడి శాసనం నాటికే రాతి మీద దేశభాష ఉంది. బాదామి మూడవ గుహలో 578లో మంగళేశుడు సంస్కృతంతో పాటు కన్నడంలోనూ శాసనం వేయించాడు. కలమళ్ళకు అది దాదాపు సమకాలికం. సంస్కృతం వంశానికి, దేశభాష భూమికి అన్న ఈ పని విభజన దక్కన్‌లో అప్పటికే అలవాటవుతున్నది. పెద్ద రాజ్యాలకు ఆ రెండింటి మధ్య దూరం ఎక్కువ. నాడంత రాజ్యానికి అది తక్కువ. అందుకే రేనాటి రాళ్ళలో తెలుగు వాక్యం ముందుగా, మరింత స్వేచ్ఛగా కనిపిస్తుంది. తీరాంధ్రలో తూర్పు చాళుక్య జయసింహ వల్లభుని విప్పర్ల శాసనం 7వ శతాబ్ది మధ్యకు గాని రాలేదు.

ముత్తురాజు నుంచి చోళమహారాజు దాకా

రాతి శాసనాల్లో చోళ శబ్దం అసలే లేదని నేను అనడం లేదు. తరువాతి తరాల్లో వస్తుంది. పుణ్యకుమారుని తరువాత విక్రమాదిత్య, సత్యాదిత్య నామాలతో వచ్చినవారు చోళ మహారాజులుగా, ఒక దశలో చోళ మహారాజాధిరాజులుగా, రేనాడు ఏడువేలతో పాటు సిద్ధివేయిని కూడా ఏలినట్లు రాళ్ళే చెబుతాయి. ముత్తురాజు అనే నాటి హోదా క్రమంగా వెనక్కి తగ్గింది. రాగి మీద మొదలైన వంశ గౌరవం రాతి మీదికి దిగింది. దీనిని పతనానికో ఉన్నతికో గుర్తుగా కాక, ఒక కుటుంబం తన సమానుల నుంచి వేరుపడి రాజవంశంగా రూపొందిన క్రమంగా చదవాలి. వంశం ముందుగా ఉండి తరువాత రేనాడును ఏలలేదు. రేనాడును ఏలుతూ ఏలుతూ వంశమయింది. ఎర్రగుడిపాడు సాక్షులైన నవప్రియ ముత్తురాజు, దుజయరాజు వంటివారి కుటుంబాలకు రాగిరేకు లేదు కనుక, వారికి చరిత్రలో వంశమూ లేదు.

పేరు గురించి ఒక చిన్న మాట. ఆనాటి రాళ్ళ మీద ‘ఴ’ అనే ప్రత్యేకాక్షరం ఉంది. తరువాతి తెలుగులో అది పదమధ్యంలో డకారమయింది. ‘ఏఴు’ ఏడయినట్లే ‘చోఴ’ చోడ అయింది. తరువాతి కాలపు పొత్తపి, నెల్లూరు ప్రభువులను మనం తెలుగు చోడులంటాం. వీరిని మాత్రం చోళులంటాం. ఆ ళకారం వల్ల వీరు తంజావూరు నుంచి వచ్చినవారన్న భావన విద్యార్థులలో తెలియకుండానే పాతుకుపోతున్నది. తంజావూరు చోళ సామ్రాజ్యం విజయాలయునితో 9వ శతాబ్దిలో గాని మొదలు కాలేదు.

రాజులు మారినా నాడు మారలేదనడానికి వైదుంబులు నిదర్శనం. 9వ శతాబ్దికి రేనాటి ఏలిక వారి చేతికి వచ్చింది. మదనపల్లె దగ్గరి చిప్పిలి వారి కేంద్రం. గండత్రినేత్ర వైదుంబ మహారాజు రేనాడు ఏడువేలు ఏలుతుండగా అని వారి శాసనాలూ మొదలవుతాయి. ధనంజయుని శాసనం ఎత్తుగడే మూడు వందల సంవత్సరాల తరువాతా నిలిచి ఉంది. ఆ కాలపు వీరగల్లులలో సోరెమడి యుద్ధం మళ్ళీ మళ్ళీ వస్తుంది. వైదుంబులూ బాణులూ ఒకవైపు, నొళంబులూ గాంగులూ మరొకవైపు. పెద్ద రాజవంశాల చరిత్ర గ్రంథాలలో ఈ యుద్ధానికి ఒక పేరా కూడా దొరకదు. కానీ ఊరి రాళ్ళ మీద, అందులో పడిపోయిన భటుల పేర్లు మిగిలాయి. రాజు పేరు అక్కడ కాలం చెప్పడానికి వస్తుంది, రాయి నిలిచింది మాత్రం చనిపోయినవాడి కోసం.

10వ శతాబ్దిలో పరాంతక చోళుని దాడితో వైదుంబులు రేనాటిలో బలం కోల్పోయారు. కొందరు రాష్ట్రకూట మూడవ కృష్ణుని కొలువులో తమిళ మండలంలో అధికారం చేశారు. వారి ఆడపడుచు వినయమహాదేవి కళింగ గాంగ కామార్ణవుని రాణి, వజ్రహస్తుని తల్లి. ఈ మెట్టనేల ప్రభువుల కుమార్తె కళింగ రాజమాత కావడం ఆశ్చర్యమే గాని, చిన్న రాజవంశాలు ఇలాగే బతుకుతాయి. నేల పోయినా పేరు, సంబంధం వెంట వెళ్తాయి.

కరికాలుని పేరుకు కూడా అదే జరిగింది. పొత్తపి చోడులు ఆ వంశగౌరవాన్ని తమ ప్రశస్తిలో నిలుపుకొన్నారు. నెల్లూరి చోడులు దానిని అందుకొన్నారు. తిక్కన తన నిర్వచనోత్తర రామాయణాన్ని అంకితమిచ్చిన మనుమసిద్ధి ఆ పరంపరలోనివాడే. మాలేపాడు రాగిరేకుల్లో కనిపించిన కరికాల వంశ ప్రతిష్ఠ, శతాబ్దాల తరువాత నెల్లూరు కొలువులో తెలుగు కావ్యానికి నేపథ్యమయింది. రేనాడన్న పేరు మాత్రం ఆ ప్రభువులతో వెళ్ళలేదు. కుందూ ఒడ్డునే ఉండిపోయింది. 1847లో కోయిలకుంట్లలో కుంపిణీవారు ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం ఈనాటికీ రేనాటి సూర్యుడనే అంటున్నారు. ఆ మాట వాడేవారిలో ధనంజయుని పేరు విన్నవారు ఎందరుంటారు?

పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో వెలువడిన కడప జిల్లా శాసన సంపుటాలు, బూదరాజు రాధాకృష్ణ, కోరాడ మహాదేవశాస్త్రి గార్ల భాషా పరిశోధనలు మన చేతిలో ఉన్నాయి. భాష కోసం ఈ శాసనాలను ఎంతో శ్రద్ధగా చదివాం. విభక్తులను లెక్కపెట్టాం. సాక్షులను లెక్కపెట్టలేదు. రేనాటి రాతి శాసనాలన్నిటిలోని సాక్షుల పేర్లు, బిరుదులు, ఊర్లు, కొలతలు ఒక పట్టికగా చేర్చి, దొరికిన చోట్లతో పటం గీస్తే, ఏ ముత్తురాజు ఏ వాగు ఒడ్డువాడో కొంతవరకైనా తేలుతుంది. ఈ పని త్వరగా జరగడం అవసరం. ఎర్రగుంట్ల, కమలాపురం చుట్టుపక్కల నేలంతా నాపరాయి, సున్నపురాయి. అక్షరం చెక్కడానికి ప్రభువులకు అక్కరకు వచ్చిన ఆ రాయే ఇప్పుడు గనులకూ సిమెంటు పరిశ్రమకూ ముడిసరుకు.